జరగని దొంగతనాల లెక్క

జూరకాన్ కుర్చీలోంచి లేవాలంటే ముందు మనసులో లేచి, ఆ కబురు మోకాళ్ళకి పంపి, అవి ఒప్పుకునేదాకా ఆగాలి. ఆ రోజు పొద్దున అంత వ్యవధి దొరకలేదు. అసన్‌కుల్ పంచాయతీ ఆఫీసు తలుపు నెట్టుకుని లోపలికొచ్చాడు. గడప దగ్గర బురద దులుపుకోలేదు, సలాం చెప్పలేదు, పిల్లాజెల్లా ఎలా ఉన్నారని అడగలేదు. ఆ లోయలో మనిషి ఈ మూడూ మరిచిపోయాడంటే ఇంట్లో ఎవరైనా పోయి ఉండాలి, లేదా మందలో పశువు పోయి ఉండాలి.

"నా పొట్టేలు పోయిందక్కా," అన్నాడు.

"ఏ పొట్టేలు?"

"ఏదంటే ఏం చెప్పను? నడుం మీద ఆకుపచ్చ రంగు పూసింది. కొవ్వు పట్టిన తోక బరువుకి నడవలేక నడుస్తుందే, అది. నేను సిమెంటు బేరానికి బిష్కెక్ పోయొచ్చేలోపల మాయమైపోయింది. మేపింది ఎవడో తెలుసా? నీ దొంగల బడి పిల్లాడు, తిలెక్."

జూరకాన్ పొయ్యిలో రాత్రి మిగిలిన బొగ్గుని ఇనపకడ్డీతో కెలికింది. పొగ వచ్చింది కానీ మంట రాలేదు.

"ఎల్లుండి మధ్యాహ్నం సభలో పెడతాను," అన్నాడు అసన్‌కుల్. "వాణ్ణి గోడల బడికి పంపాల్సిందే. నీ పథకం మూసెయ్యాల్సిందే. ఆ డబ్బులుంటే ఊరి ముఖద్వారం ఎప్పుడో లేచేది."

అతను పంచాయతీ సభ్యుడు. అన్నంత పనీ చేస్తాడు.

వాళ్ళ ఊరు కారా-బులుంగ్‌లో మంచు కరిగాక, మళ్ళీ పడేముందు, ఊరి గొర్రెల్ని ఇంటికో వంతు చొప్పున దగ్గరి కొండలకి తోలుకుపోతారు. నడివేసవిలో మాత్రం జీతగాళ్ళు పై మైదానాలకి తీసుకుపోతారు. మరి వంతు వచ్చిన ఇంట్లో మగదిక్కు లేకపోతే? ఊళ్ళో సగం ఇళ్ళు అలాంటివే. మగవాళ్ళు మాస్కోలో ఇటుకలు మోస్తున్నారు, పెళ్ళాలు అక్కడే అంట్లు తోముతున్నారు, పిల్లలు నాయనమ్మల దగ్గర పెరుగుతున్నారు. పెరుగుతున్నారంటే పొడుగు పెరుగుతున్నారు, అంతే. ఆ పిల్లల్లో కొందరు కరెంటు తీగలు కోసి అమ్మారు, కొందరు కోళ్ళెత్తుకుపోయారు, కొందరు మార్కెట్లో పెద్దవాళ్ళకి కాపలా కాసి వాటా తీసుకున్నారు. పోలీసువాడు వాళ్ళ పేర్లు రాసుకుని వెళ్ళేవాడు. పేరు రాసుకోవడంతో ప్రభుత్వం పని అయిపోయేది.

పదేళ్ళ పైమాటే అయ్యింది. సంక్షేమ ఉద్యోగిగా కొత్తగా చేరిన జూరకాన్ ఈ రెంటినీ కలిపి కుట్టింది. మగదిక్కు లేని ఇళ్ళ వంతులు ఈ పిల్లలకి అప్పగించింది. పక్కన నడవడానికి సాత్కిన్ అనే ముసలి కాపరిని పెట్టింది. అతనికి కొంచెం జీతం, పిల్లలకి బూట్లు, మధ్యాహ్నానికి రొట్టె పంచాయతీ ఇస్తుంది. మంద తిరిగొచ్చాక సాత్కిన్ ఇంట్లో అందరికీ సేమ్యా పులుసు, ఆ బల్ల మీదే బడి చదువు. అంతకంటే గొప్పగా చెప్పుకోవడానికి ఆ పథకంలో ఏమీ లేదు. ఊరు దానికి దొంగల బడి అని పేరు పెట్టి, ఆ పేరుతోనే అలవాటు పడింది.

గోడల బడి సంగతి జూరకాన్‌కి తెలుసు. నేరం చేసిన పిల్లల్ని ప్రభుత్వం ఉంచే ఆ చోటు రాజధాని దగ్గర ఎత్తైన గోడల మధ్య ఉంటుంది. పథకం పుట్టకముందు ఈ ఊరినించి ఇద్దరు పిల్లలు అక్కడికి వెళ్ళారు. వెళ్ళింది కోళ్ళ దొంగలు. వచ్చింది తాళాలు తియ్యడం, చూపు దించకుండా అబద్ధం చెప్పడం నేర్చుకున్న మనుషులు. వాళ్ళలో ఒకడు ఇప్పుడు ఈ లోయకి గుర్రాలెత్తుకుపోవడానికే వస్తాడు.

*

తిలెక్ ఇంటి వెనక గొర్రెల దొడ్లో ఉన్నాడు. చలికాలమంతా గొర్రెలు తొక్కి గట్టిపరిచిన పేడని పారతో ఇటుకల్లా కోస్తున్నాడు. వచ్చే చలికాలానికి పొయ్యిలోకి అవే. పన్నెండేళ్ళ వాడికి పార తనకంటే పొడుగు.

"సలాం పెద్దమ్మా."

"పొట్టేలు ఏమైందిరా?"

పార ఆగింది. మళ్ళీ దిగింది.

"నిన్నే. అసన్‌కుల్ పొట్టేలు ఏమైంది?"

"నేను అమ్ముకోలేదు."

"అమ్ముకున్నావని నేననలేదు. ఏమైందని అడిగాను."

"చెప్పను."

"ఎవరైనా బెదిరించారా?"

"లేదు."

"మరి నువ్వే తీశావా?"

వాడు తలెత్తి ఆమె వైపు చూశాడు. వాడు మళ్ళీ వంగి ఇటుక కోశాడు. ఇంట్లోంచి నాయనమ్మ కేక వేసింది: "అడుగమ్మా, గట్టిగా అడుగు! నన్నడిగితే నోట్లో నాలుక మింగేశాడంటాను. వాళ్ళ నాన్నా ఇంతే. మాస్కోకి పోతున్నానని మాస్కో చేరాక చెప్పాడు!"

జూరకాన్ వెనక్కి నడిచింది. వీధంతా బురద. ఇన్నేళ్ళలో ఎంతమంది పిల్లలు చెప్పనన్నారు? చెప్పనన్నవాళ్ళలో తియ్యనివాడు ఎవడైనా ఉన్నాడా? ఒక్కడు గుర్తొస్తాడేమోనని వెతికింది. రాలేదు. పథకం మూతపడితే ఉన్న పిల్లలందరూ మళ్ళీ వీధిలోకే. అందరికంటే ముందు తిలెక్ ఆ గోడల వెనక్కి. ఒక పొట్టేలు కోసం.

సాత్కిన్ అరుగు మీద కాళ్ళు చాపుకుని ఉన్నాడు. కుడి మోకాలికి ఒంటె ఉన్ని చుట్టి ఉంది.

"బాబాయ్, ఆ రోజు వాడితో నువ్వున్నావా?"

ముసలాడు గడ్డం గోక్కున్నాడు. "లేను. కాలు లేవలేదు. నేనొక్కణ్ణీ పోతాలే తాతా అన్నాడు. పోనిచ్చాను."

"ఒక్కణ్ణా?"

"తిట్టు తల్లీ. నాకు తగిందే."

తిట్టే ఓపిక ఆమెకి లేదు. పక్కన కూర్చుంది. సాత్కిన్ అన్నాడు: "పక్కూరు ఆక్-కియాలో తొక్తోబెక్ తండ్రి పోయాడు. నువ్వింకా పరామర్శకి వెళ్ళలేదని అక్కడ ఆడవాళ్ళు అనుకుంటున్నారు."

"ప్రతి చోటా నేనే ఉండాలా?"

"ఉండాలి కదా మరి," అన్నాడు ముసలాడు. అందులో ఎత్తిపొడుపేమీ లేదు.

*

మర్నాడు కనిమెత్ తన పాత వ్యానులో ఆమెని ఆక్-కియా తీసుకెళ్ళాడు. కనిమెత్ ఇనుము అతికే పని చేస్తాడు. పాతికేళ్ళు దాటాయి, ఇద్దరు పిల్లలు, కొట్టులో ఇద్దరు కూలీలు, ఏటా పంచాయతీకి పన్ను. మొదటి ఏడాది సాత్కిన్ వెనక నడిచిన పిల్లల్లో ఇతనొకడు. అంతకుముందు ఒక చలికాలం ట్రాన్స్‌ఫార్మర్‌లో రాగి పీకిందీ ఇతనే. ఊరంతా వారం పైన చీకట్లో పడి ఉంది. పాల కేంద్రంలో పాలు పారబోశారు. ఆసుపత్రి ఫ్రిజ్‌లో పిల్లల టీకాలు పాడయ్యాయి. ఆ నష్టం ఎంతో అప్పుడు ఎవరూ లెక్క వెయ్యలేదు. తర్వాత అలాంటి నష్టం మళ్ళీ రాలేదు కాబట్టి అసలే వెయ్యలేదు.

"తిలెక్ తీశాడంటావా అక్కా?" అన్నాడు కనిమెత్.

"తెలీదు."

"నేను రాగి పీకినప్పుడు నన్నడిగావు గుర్తుందా? నేను కాదని మా అమ్మ మీద ఒట్టేశాను. గట్టిగా ఒట్టేశాను."

"గుర్తుంది."

"వీడు ఒట్టేశాడా?"

"లేదు. చెప్పనన్నాడు."

"అయితే తియ్యలేదు," అన్నాడు కనిమెత్.

చావింటి ముంగిట్లో గుడారం ఇంకా విప్పలేదు. లోపల ఆడవాళ్ళు గోడ వైపు తిరిగి కూర్చుని శోకాలు పెడుతున్నారు. జూరకాన్ కూడా కూర్చుని శోకం పెట్టింది. ఏడుపు నటించాల్సిన అవసరం రాలేదు, అలసటే నీళ్ళయి కారింది. బయటికొచ్చి చేతులు కడుక్కోబోతే ఎదురుగా కంచె మీద తోళ్ళు ఆరబెట్టి ఉన్నాయి. ఒకటి నల్లది, రెండు తెల్లవి. తెల్లవాటిలో ఒకదానికి నడుం మీద ఆకుపచ్చ రంగు.

చెంబు పట్టుకున్న కోడలు నీళ్ళు పోస్తూనే ఉంది. జూరకాన్ చేతులు కడుగుతూనే ఉంది.

ఆ లోయలో ఒక పద్ధతి ఉంది. మనిషి పోతే ఆ ఇంటివాళ్ళు గుర్రమెక్కి వస్తారు. దారిలో ముందు ఏ మంద కనపడితే ఆ మందలోంచి గొర్రె అడుగుతారు. కాపరి కాదనకూడదు. అది ఎవరిదైతే వాళ్ళ పేరు మీద ఇచ్చినట్టే. ఇచ్చినవాళ్ళుగానీ పుచ్చుకున్నవాళ్ళుగానీ నలభయ్యో రోజు భోజనం దాకా ఆ మాట ఎత్తకూడదు. ఎత్తితే తిరిగివ్వమని అడిగినట్టు. చావింటిని అడగడం కంటే నీచం ఆ కొండల్లో లేదు.

తిరుగు దారిలో సాత్కిన్ ఇంటి దగ్గర వ్యాను ఆపించింది.

"బాబాయ్, చావింటికిచ్చిన గొర్రె సంగతి ఎవరికీ చెప్పకూడదని పిల్లలకి నేర్పావా?"

"నేర్పాను. తప్పా?" ముసలాడికి రోషం వచ్చింది. "బక్కది ఇవ్వకూడదని కూడా నేర్పాను. బలిసింది చూసి ఇవ్వాలని."

"బాగా నేర్పావు. సొంతదారు ఇంటికెళ్ళి ఆ రాత్రే చెవిలో చెప్పి రావాలని నేర్పావా?"

సాత్కిన్ మెల్లగా అన్నాడు: "అది నేర్పేదేముంది తల్లీ? అది ఎవడికైనా తెలుసు."

"ఎవడికి తెలుసు? తండ్రి మాస్కోలో. తాత సమాధిలో. నాయనమ్మ మందతో ఎప్పుడూ పోలేదు. వాడికి ఎవరు చెప్తారు బాబాయ్? గాలి చెప్తుందా?"

ముసలాడు తల వంచుకున్నాడు. ఉన్ని చుట్టిన మోకాలిని రెండు చేతులతో పట్టుకుని అలా కూర్చున్నాడు.

*

ఇప్పుడు ఆమెకి నిజం తెలుసు. చెప్పే దారి మాత్రం లేదు. సభలో నోరు విప్పితే తొక్తోబెక్ ఇల్లు దొంగ గొర్రెని తిన్నట్టవుతుంది. వాళ్ళు మర్నాడే అప్పు చేసి పొట్టేల్ని తెచ్చి అసన్‌కుల్ గుమ్మంలో కట్టేస్తారు, ఈ ఊరు మొహం మళ్ళీ చూడరు. పిల్లాడు నిందంతా పళ్ళ బిగువున ఓర్చుకున్నది ఏ మాట కోసమో, ఆ మాటే పోతుంది. నలభయ్యో రోజు దాకా ఆగుదామంటే సభ రేపే.

పొద్దున్నే అసన్‌కుల్ ఇంటికి వెళ్ళింది. అతను టీ తాగుతున్నాడు.

"ఆక్-కియా పరామర్శకి వెళ్ళొచ్చావా తమ్ముడూ?"

"మొన్ననే కదక్కా బిష్కెక్ నించి దిగింది. సభ అయ్యాక వెళ్తా."

"సరే నీ ఇష్టం. నిన్న నేను వెళ్ళాను. అసన్‌కుల్ రాలేదేం అని నన్నే అడిగారు. రెండూళ్ళకీ ముఖద్వారం కడతానంటున్నావు, వాళ్ళ ఓట్లూ కావాలి కదా అని నేనే ఏదో సర్దిచెప్పాను."

అసన్‌కుల్ టీ కింద పెట్టాడు. "బండెక్కు," అన్నాడు.

ఆక్-కియాలో గుడారానికి దూరంగానే కారు ఆపి, పద్ధతి ప్రకారం "నా తండ్రీ! నా తండ్రీ!" అని ఏడుస్తూ నడిచాడు. తొక్తోబెక్ అన్నదమ్ములు ఎదురొచ్చి రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. లోపల గడపకి ఎదురుగా, తనకంటే పెద్దవాళ్ళు కూర్చునే చోట కూర్చోబెట్టారు. అక్కడికీ సరే. మాంసం పంచేటప్పుడు పెద్దవాళ్ళకే పెట్టే తొడ ఎముక ముక్క తీసుకొచ్చి అతని ముందు పెట్టారు. పక్కన డెబ్భై ఏళ్ళాయన ఉండగా. అసన్‌కుల్ "నాకెందుకు, నాకెందుకు" అన్నాడు. అందరూ తినమని తలలూపారు. తిన్నాక చేతులు కడుక్కోవడానికి బయటికొచ్చాడు. కంచె వైపు తిరిగాడు.

కారు సగం దారి వచ్చింది.

"నీకు ముందే తెలుసు," అన్నాడు అసన్‌కుల్.

"ఏం తెలుసు?"

"నాటకాలాడకు అక్కా."

"నలభయ్యో రోజు దాకా నేనేమీ మాట్లాడను తమ్ముడూ. నువ్వూ మాట్లాడలేవు."

అతను స్టీరింగు మీద అరచేత్తో కొట్టాడు. "నా పొట్టేల్ని నాకే వండి పెట్టారు! పైగా నేను పెద్దమనిషినైపోయాను!"

"ఎలా ఉంది?"

అతను చాలాసేపు బిగపట్టాడు. చివరికి నవ్వు ఆగలేదు. "కొవ్వు బాగానే పట్టింది. సాత్కిన్ దగ్గర నేర్చుకున్న ఆ వెధవ సరిగ్గా చూసే ఎంచాడు."

"వెధవకి పన్నెండేళ్ళు," అంది జూరకాన్. నవ్వలేదు.

*

సభలో ఆమె వంతు ముఖద్వారం తర్వాత వచ్చింది. ముఖద్వారం మీద రెండు మంచుచిరుతలు ఉండాలా, ఒకటి చాలా అన్నదానికే మధ్యాహ్నం చాలామటుకు అయిపోయింది. ఆమె లేచి తను చెప్పాలనుకున్నది చెప్పింది. గోడల బడిలో ఒక పిల్లాణ్ణి ఏడాది ఉంచడానికి దేశం పెట్టే ఖర్చుతో ఇక్కడ పథకం మొత్తం నడిచిపోతుందని చెప్పింది. ట్రాన్స్‌ఫార్మర్ గురించి చెప్పింది. పారబోసిన పాల గురించి, పాడైన టీకాల గురించి చెప్పింది. ఈ ఊళ్ళో ఇప్పుడు రాత్రి కాపలాకి ఎవరూ జీతం ఇవ్వడం లేదని, గొలుసులు తాళాలు కొనడం మానేశారని, ఆ మిగిలిందంతా ఎవరి ఇంట్లోకి వెళ్ళిందో ఎవరికి వాళ్ళు చూసుకోమని చెప్పింది.

అధ్యక్షుడు ఫోను చూసుకుంటున్నాడు. లెక్కలు రాసే కుర్రాడు మంచివాడే, మర్యాదగానే అన్నాడు: "అక్కా, నువ్వు చెప్పేది నిజమే అయ్యుంటుంది. కానీ జరగని దొంగతనానికి బిల్లు ఉండదు కదా. ఏ పద్దులో రాయను?"

"మీ ముఖద్వారానికి ఇనుము అతికేది ఎవరు?"

"కనిమెత్."

"వాణ్ణి ఏ పద్దులో రాశావు?"

ఎవరో నవ్వారు. నవ్వి ఊరుకున్నారు. అధ్యక్షుడు, "ఇంతకీ గొర్రె సంగతేంటి? అసన్‌కుల్, ఫిర్యాదు నీదే కదా," అన్నాడు.

అసన్‌కుల్ గొంతు సవరించుకున్నాడు. "గొర్రె దొరికింది."

"ఎక్కడ?"

"దొరికిందన్నాను కదా! ఇక ఆ ఊసెత్తకండి. పిల్లాడి తప్పేం లేదు. ఆ పథకం... ఈ ఏడాదికి నడవనివ్వండి. ముసలాళ్ళేదో మంచీచెడ్డా నేర్పుతున్నారు."

చేతులు లేచాయి. టీ చల్లారేలోపల అయిపోయింది.

జూరకాన్ బయటికొచ్చి గోడకి ఆనుకుంది. గెలిచినట్టు ఆమెకేమీ అనిపించలేదు. పదేళ్ళ పై కష్టం, కళ్ళెదుట నిలబడ్డ మనుషులు, వాళ్ళ పన్నులు, వాళ్ళ పిల్లలు, ఇవేవీ ఆ గదిలో ఒక్క చేతినీ లేపలేదు. లేపింది ఒక తొడ ఎముక ముక్క. అసన్‌కుల్ పరువు ఇవాళ ఇటు ఒరిగింది కాబట్టి పిల్లలకి బూట్లు దొరికాయి. వచ్చే ఏడు అటు ఒరగవచ్చు. ఒక పిల్లాడు చెడితే ఊరంతా లెక్క చెబుతుంది, ఎవరి గొర్రె, ఎవరి తీగ, ఎంత నష్టం అని. బాగుపడితే అది వాడి తలరాత, వాళ్ళమ్మ పెంపకం, దేవుడి దయ. సమాజం తన లాభాన్ని తనే చూసుకోలేదు. చూపించబోతే పద్దు అడుగుతుంది. వచ్చే వసంతానికి మళ్ళీ ఇదే గదిలో ఇవే మాటలు, ఇంకొంచెం తగ్గిన గొంతుతో, చెప్పాల్సింది ఆమే.

*

తిలెక్ దొడ్లోనే ఉన్నాడు. కోసిన ఇటుకల్ని గాలి ఆడేట్టు దొంతర పేరుస్తున్నాడు. జూరకాన్ ఒక ఇటుక అందించింది. వాడు తీసుకున్నాడు.

"నిన్నెక్కడికీ పంపరు."

"సాత్కిన్ తాత వచ్చి చెప్పాడు." ఇంకో ఇటుక పెట్టాడు. "చెవిలో చెప్పాలట కదా."

"అవును."

"నాకు తెలీదు."

"నీకెవరూ చెప్పలేదు. అది మా తప్పు."

వాడు కాసేపు పేర్చాడు. తర్వాత ఆమె వైపు చూడకుండా, "నువ్వే తీశావా అని అడిగావు," అన్నాడు.

"అడిగాను."

"మిగతావాళ్ళంటే అడుగుతారు."

జూరకాన్ నోటికి రెండు మూడు మాటలు వచ్చాయి. వేరే పిల్లల సంగతులు, ఒట్లు, అబద్ధాలు. ఏవీ వీడివి కావు. "అడగాల్సింది కాదు," అంది.

వాడు దొంతర మీద ఇంకో ఇటుక పెట్టాడు. నాయనమ్మ లోపలినించి టీకి రమ్మని పిలుస్తోంది.

"రేపు ఎగువ వీధి వంతు," అంది జూరకాన్. "వస్తావా?"

"రేపు రాను."

"ఎందుకని?"

"రేపు రాను, అంతే. ఎల్లుండి వస్తాను."

ఆమె బతిమాలలేదు. పథకం రూల్లో చెప్పకుండా మానితే బూట్లు వెనక్కి తీసుకోవాలని ఉంది, ఆ రూలు రాసింది తనే. అయినా సరేనంది. చేతులు కొంగుకి తుడుచుకుని, రేపు మందతో ఇంకో పిల్లాణ్ణి పంపమని సాత్కిన్‌కి చెప్పడానికి బురదలో అటు నడిచింది.